రెండో స్నానం

ఈ పొద్దున బావి దగ్గర తలస్నానం చేసి, తడిచీరతోనే పూజకు నీళ్లబిందె పట్టుకుని వస్తున్నాను. నిన్నటి వానకు మా సిద్దిపేట సందంతా బురద. కంట్రోలు దుకాణంలో ఇచ్చిన జొన్నల మూట నెత్తిన పెట్టుకుని ఎదురుగా వస్తున్న ఒక ముసలవ్వ సరిగ్గా నా ముందే జారిపడింది. ఒక్క అడుగు వేస్తే చెయ్యి అందేది. నేను వెనక్కి జరిగాను.

"మీరు మడిల ఉన్నట్టున్నరమ్మా, నన్ను ముట్టకున్రి" అన్నది బురదలోంచే.

చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, ఆ మాటతో నా మనసు తేలికపడింది.

ఇంతలో ఎదురింటి దర్జీ మిషను వదిలి పరుగెత్తుకొచ్చాడు. దేవుడే లేడని వాదించే మనిషి. అందుకే మా ఇంటి రవికలు అతనికి ఇవ్వం.

"మెల్లగ లెవ్వు అవ్వా, నా బుజం పట్టుకో" అని లేపి, చిందిన జొన్నలు కూడా ఎత్తిపెట్టాడు.

ఆ లేపడంలో రెండు బురద చుక్కలు నా చీర మీద పడ్డాయి. మడి పోయింది. మళ్లీ బావికి వెళ్లి స్నానం చేసొచ్చి పూజలో కూర్చున్నాను గానీ, తలెత్తి దేవుడి ముఖం చూడలేకపోయాను.

నాలాంటి భక్తులెవరైనా ఉంటే చెప్పండి: ఎలాగూ తప్పని ఆ స్నానం, అవ్వను లేపి చేసి ఉంటే నా సొమ్మేం పోయేది?