మనిషికి కిలో తరుగు

మా అత్తమ్మ పుట్టిన ఊరు గోదావరి మీద ప్రాజెక్టు కట్టినప్పుడు నీళ్లలో మునిగింది. పడవలో ఒక్కసారి దాని మీదికి పోయి రావాలని ఆమెకు ఏళ్లుగా ఆశ. 1994 ఏప్రిల్‌లో, పసుపు అమ్మకాలు అయిపోయాక, పిల్లలకూ షికారు అవుతుందని నాలుగు ఆదివారాలకు మోటారు పడవ కిరాయికి మాట్లాడదామని నేనూ మా ఆయనా మెండోర దిక్కు పోయాం.

ఒడ్డున రెండు పడవలున్నాయి, అన్నదమ్ములవి. రెండూ ఒకే మేస్త్రి చేసినవి, రెండింటికీ నీలం రంగే, ఒకే రకం ఇంజను. అన్న పడవ జానెడు వెడల్పు ఎక్కువ. తమ్ముడి పడవకు ఎండ తగలకుండా పైన టార్పాలిన్ ఉంది. నాకు అదే నచ్చింది. అన్నదమ్ములకు రెండేళ్లుగా మాటల్లేవట.

"నాది మూడున్నర క్వింటాళ్లు మోస్తది, నన్ను లెక్కవెట్టకుండ," అన్నాడు తమ్ముడు.

వేల్పూర్‌లో ఇంటికొచ్చి, పసుపు తూచే కాంటా మీద ఏడుగురినీ నిలబెట్టాను. అత్తమ్మ, ఆడబిడ్డ, ముగ్గురు పిల్లలు, మేమిద్దరం. లెక్క సరిగ్గా మూడున్నర క్వింటాళ్లకు వచ్చింది. ఇక అనుమానం లేదనుకున్నాను.

మరుసటి ఆదివారం సద్దితో సహా అందరం ఒడ్డుకు చేరాం. నా కాగితం తమ్ముడి చేతికిచ్చాను.

"మూడు వందల యాభై ఏడు కిలోలల్ల ఏడు కొట్టేసినవేందక్కా?"

"తరుగు," అన్నాను. మార్కెట్‌లో గోనెసంచి బరువు కింద సంచికి కిలో తీసేస్తాం. చెయ్యి అలవాటు కొద్దీ మనిషికి కిలో తీసేసింది.

"మనుషులు సంచులల్ల వచ్చిండ్రా?"

మా ఆయన పడీ పడీ నవ్వాడు. అత్తమ్మ మాత్రం వెనక్కి జరిగి సద్దిమూట పక్కన కూర్చుంది. "నేను ఈడ్నే ఉంటా. పిల్లల్ని తీస్కపోండ్రి."

ఏడు కిలోలే గదా, ఎక్కండని తమ్ముడు అంటే నేను నమ్మేదాన్ని. నాలుగు ఆదివారాల కిరాయి అతనికే దక్కేది. అతను అనలేదు. కాసేపు తల గోక్కొని, పక్క పడవ దిక్కు తిరిగి పిలిచాడు.

"అన్నా! నీది నాలుగు క్వింటాళ్లు మోస్తది. అవ్వతోని అందర్ని తీస్కపో."

అన్న వల పక్కన పెట్టి లేచాడు. "నాకు కప్పు లేదు గదరా. అవ్వకు ఎండ గొడ్తది."

తమ్ముడు తన టార్పాలిన్ విప్పి తెచ్చాడు. ఇద్దరూ చెరోవైపు నిలబడి అన్న పడవకు కట్టారు. తాడు ఇటు, ముడి అటు, అంతే వాళ్ల మాటలు.

ఏడుగురం అన్న పడవ ఎక్కాం, తమ్ముడు ఒడ్డునే ఉండిపోయాడు. నీళ్ల నడుమ అన్న ఇంజను ఆపాడు. "గిదే అవ్వా మీ ఊరు. ఈడ వల గోడలకు తట్టుకుంటది."

అత్తమ్మ వంగి నీళ్లు దోసిట పట్టి కళ్లకద్దుకుంది. తర్వాత ఒడ్డు దిక్కు చూసి, "ఆ పిలగాడు తిన్నడో లేదో, రొట్టెలు నాలుగు పక్కకు పెట్టు," అంది నాతో.

తరుగు పోయినా తగ్గకుండా ఆరు పెట్టాను.