ఏడు నియమాల విలాయతి కత్తి

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఏదైనా ఉంటే అది ఇంకా అచ్చు కాలేదని నా నమ్మకం. హైదరాబాదులో యంత్రవిద్య ముగించి, అక్కడే ఒక కార్ఖానాలో పనికి కుదిరి రెండు నెలలైంది. ఎండాకాలం సెలవుకు పాన్‌గల్ దగ్గర మా ఊరికి బయలుదేరుతుంటే అమ్మ కబురు పంపింది: కత్తిపీట కత్తి అరిగిపోయింది, తొక్కుకు మామిడికాయలు కొట్టాలి, వచ్చేటప్పుడు పెబ్బేరు సంతలో కొత్తది చేయించుకుని రమ్మని. నేను సంతలో దిగనే లేదు. నా పెట్టెలో అప్పటికే ఒక విలాయతి కత్తి ఉంది. (ఆ ధరకు పెబ్బేరులో మేకపిల్ల వచ్చేదని తర్వాత మేనత్త లెక్క చెప్పింది.)

ఇంటికి రాగానే కత్తిని అమ్మ చేతికివ్వబోయాను. అమ్మ వెనక్కి జరిగింది. "కింద పెట్టు బిడ్డా, కత్తి చేతికియ్యద్దు, కొట్లాటయితది." మూఢనమ్మకమని నవ్వి, కింద పెట్టి, దాని గుణాలు వరుసగా వివరించాను. తర్వాత కాగితం మీద దానిని వాడే పద్ధతి ఏడు నియమాలుగా రాసి వంటింటి గోడకు అంటించాను. అమ్మకు చదువు రాదన్న సంగతి దాని కింద ఎనిమిదో నియమం చేర్చబోతున్నప్పుడు గుర్తొచ్చింది.

"పీటేది? దీన్ని యాడ తొక్కి కూసోవాలె?" అంది మేనత్త.

"కూర్చోనక్కర్లేదు అత్తా. ఇక్కడ కత్తే కదులుతుంది, కాయ కదలదు."

"ఓయమ్మ! గట్లయితే నువ్వే కదిలియ్యి, మేం జూస్తం."

మరునాడు పొద్దున నూరు కాయలు కడిగి తుడిచి ముందు పెట్టారు. ఏడాది పొడుగునా జొన్నరొట్టెకు తోడు ఆ తొక్కే. నేను చెక్కపలక మీద కాయ పెట్టి కొట్టడం మొదలుపెట్టాను. మొదట్లో టెంకలు బాగానే తెగాయి. నేను మేనత్త వైపు చూస్తూ కొట్టడం ఎక్కువైంది. మధ్యాహ్నానికి టక్కుమని ఒక శబ్దం. చూస్తే కత్తి అంచున గోరంత ముక్క ఊడి ఎగిరిపోయింది.

(ఉక్కు ఎంత గట్టిదైతే అంత పెళుసు. ఈ మాట పరీక్షలో ఉర్దూలో రెండు పుటలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను.)

అమ్మ ముక్కల కుప్ప వైపు చూసింది. "ఆ ఇనుప ముక్క తొక్కుల పడ్డదంటే ఎవలి గొంతుల దిగుతదో. దొరకకుంటే ఇదంతా పెంటల పోసుడే."

అయినా నేను పద్ధతి విడవలేదు. కుప్పను ఎనిమిది భాగాలు చేసి, బొగ్గుతో అంకెలు వేసి, మొదటి భాగం నుంచి ఒక్కో ముక్కనూ వెలుగుకు పట్టి వెతికాను. మూడో భాగానికి వచ్చేసరికి మేనత్తకు ఓపిక పోయింది.

"ఏందిరా నీ పరేషాని? కత్తి ఇరిగినప్పుడు ఏ కాయ కొడ్తున్నవ్?"

ఆ కాయ పలక మీదే సగం తెగి పడి ఉంది. దాని టెంకలో, నన్ను చూసి నవ్వుతున్నట్టు, ఉక్కు ముక్క మెరుస్తోంది. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. మిగిలిన కాయలు పక్కింటి కత్తిపీట మీద తెగాయి.

వారం తర్వాత సాన పట్టే చాచా మా వాకిట్లోకి వస్తే అమ్మ ఆ కత్తిని అతని ముందు పెట్టింది. చాచా పగిలిన భాగం అరగదీసి, పిడి ఊడగొట్టి, మా పాత పీటకే దాన్ని బిగించాడు. "మాల్ మంచిదేనమ్మా. పని తెల్వనోని చేతుల పడ్డది, గంతే." ఖరీదైన కత్తి కొనవచ్చునా అని ఇప్పుడెవరైనా అడిగితే కొనమనే చెబుతాను, ఎందుకంటే అమ్మ ఆ తర్వాత ఇంకో కత్తి అడగలేదు. కానీ ఎక్కడ బిగించాలో ముందు వంటింట్లో అడగమంటాను.

మరుసటి ఏడు సెలవుకు వెళ్ళినప్పుడు అమ్మ జాడీ మూత తీసింది. మూత కదలకుండా కింద ఒక కాగితం మడత పెట్టి ఉంది. నూనె తాగి పసుపుపచ్చగా మారిన దాని మీద నా గుండ్రని అక్షరాలు: నాలుగవ నియమం, టెంకలపై ప్రయోగించరాదు.

"గోడ మీదికెల్లి ఊడివడ్డది. నువ్వు రాసినవని దాచిన. ఏం రాసినవ్ బిడ్డా అండ్ల?"

"నీ తొక్కు బాగుంటదని రాసిన అమ్మా."

అమ్మ నమ్మలేదు. నా రొట్టె మీద ఇంకో ముక్క వేసింది.