పెండ్లికార్డు ముక్క

పవర్‌లూమ్ మోటార్లు బాగుచేసే పండరిని వరంగల్‌లో ఒక హోటల్ ఓనరు పిలిపించాడు. అక్కడున్న పాతకాలపు పిన్‌బాల్ ఆట మెషీన్‌ను రిపేరు చేయమన్నాడు. లైట్లు వెలుగుతున్నాయి గానీ, ఇనుప గోలీ తగిలినా గంట మోగడం లేదు.

పండరి నాలుగు రోజులు టెస్ట్ ల్యాంపు పట్టుకుని ఒక్కో వైరూ వెతికాడు. చివరికి గంటకు కరెంటు అందించే రిలేలో రెండు పాయింట్లు నల్లబడి కనిపించాయి. గరుకు కాగితం పెడితే అరిగిపోతాయని, ఎప్పటిలాగే పెండ్లికార్డు ముక్కతో మెల్లగా రుద్దాడు. గోలీ వదలగానే గంట ఖంగుమంది.

ఓనరు ఉరికొచ్చాడు. "ఏందన్నా గీ లొల్లి? తినేటోళ్లు పరేషాన్ అయితాండ్రు. నాకు లైట్లు వెలిగితే చాలు, గంట బంద్ చెయ్."

"గా ముక్క మొదాలే చెప్పద్దా సేటూ?"

ఓనరు అప్పటికే ఫోన్లో ఉన్నాడు.

పండరి అదే కార్డు ముక్కను ఆ రెండు పాయింట్లు ఒకదానికొకటి తాకకుండా మధ్యలో దూర్చి, గోలీ వదిలి చూశాడు. గంట మోగలేదు. రిపేరు పూర్తయింది.