రాణిగారి స్తంభం మీది కుంకుమ

తడి సున్నం వాసన ఎక్కడ తగిలినా అనకాపల్లి పక్కన మా ఊరి చెరకుతోటల మధ్య, చలికాలం బెల్లం పెనాల పొగలో, ఆకుల గరగరలో ఒంటరిగా నిలబడి ఉండే రాణిగారి స్తంభం గుర్తొస్తుంది. ఏటా దసరాకి దానికి వెల్ల వేసేవారు.

ఆ రాణిగారు, ఒకప్పటి జమీందారిణి, ముత్తయిదువగా పోయి, పేరంటాలై ఊరిని కాస్తోందని ఆడవాళ్ల నమ్మకం. కడుపుతో ఉన్నవాళ్లు శుక్రవారాలు పసుపూ కుంకుమా పెట్టి, పానకం పోసి వచ్చేవారు. భర్త పోయినవాళ్లు ఆ స్తంభం గట్టెక్కితే ఊళ్లో పురుడు దక్కదనేవారు. మా మేనత్త చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని మా ఇంట్లోనే ఉండేది. నాకు ఇసుకలో అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఊరి ఆడవాళ్లలో చదువొచ్చింది ఆవిడొక్కర్తికే.

విశాఖ మీద బాంబులు పడతాయని అందరూ హడలిపోతున్న రోజులవి. అమ్మకి నొప్పులు మొదలై రెండో మధ్యాహ్నం. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. ఇప్పుడు అమ్మ మూలుగు కూడా వినబడడం లేదు. మంత్రసాని తలుపు ఓరగా తీసి, "గుడ్లప్పగించి సూత్తావేటే గుంటా! మీ అమ్మ పేరంటాలి కుంకం అడుగుతంది. బేగి అట్టుకురా" అంది.

అత్త తోడొచ్చి, గట్టు కింద అటు తిరిగి నిలబడింది. నేను గోటితో గీకుతుంటే ఏళ్లనాటి కుంకుమ సున్నంతో సహా పెచ్చుగా ఊడింది. కింద రాతి మీద అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. భర్త పోయాక చాలా కాలం జమీ ఏలి కన్నుమూసిన తల్లికి కొడుకు కట్టించిన స్తంభం అది.

"అత్తా, ఈవిడా నీలాగే! ముందు రాజుగారే పోయేరు."

"నోర్ముయ్యే!"

నేను ఉలిక్కిపడేసరికి కుంకుమంతా పానకం బురదలో పడింది. అత్త అటూ ఇటూ చూసి, మొదటిసారి గట్టెక్కింది. ఒక్కో అక్షరం వేలితో తడిమి మొత్తం చదువుకుంది. తర్వాత తనే కుంకుమ గీకి గుప్పిట్లో మూసుకుని ఇంటికి నడిచింది. వాకిట్లో నా దోసిట్లో పోసి, "మీ అమ్మకి సెప్పకు. ఆ ధైర్యమొక్కటే ఉంది దానికి" అంది.

అమ్మ కళ్లు మూసుకునే నాచేత బొట్టు పెట్టించుకుంది. దీపాలవేళకి తమ్ముడు ఏడ్చేదాకా, నా చేతులతో నేనే అమ్మని చంపేశానని గుమ్మంలో కూర్చున్నాను. తల్లీబిడ్డల్ని నిలబెట్టిన ఆ భగవంతుడికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. బారసాల నాడు అమ్మ వచ్చిన ముత్తయిదువులందరికీ పసుపు రాస్తుంటే, అత్త పెరట్లో అంట్లు తోముకుంటోంది.

అచ్యుతాపురం ఫ్యాక్టరీల బస్సుల కోసం రోడ్డు వెడల్పు చేసినప్పుడు స్తంభం పోయింది, తోటలు పోయాయి, శుక్రవారం పానకాలూ పోయాయి. అమ్మా అత్తా వెళ్లిపోయారు. ఆ రాయి చదివినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. తమ్ముడికి ఎనభై దాటాయి. ఆ కుంకుమ ఎవరి చేతిమీదుగా వచ్చిందో వాడికి ఇవాళ్టికీ చెప్పలేదు. చెబితే వాడికేమవుతుందోనని, ఇంత వయసొచ్చినా, భయం.