ఎడమచేతి కత్తెర

డిగ్రీ రెండో సంవత్సరం తప్పి ఇంట్లో కూర్చున్నప్పుడు నాకు కుట్టుపని నేర్చుకోవాలనిపించింది. మాది అంగలకుదురు. తెనాలిలో ఒకావిడ ఇంట్లోనే నేర్పుతుందని ఎవరో చెబితే సైకిలేసుకుని వెళ్లాను. ఆవిణ్ని వీధి వీధంతా ఆపా అనే, అంటే అక్కా అని, పిలిచేవాళ్లు. యాభై దాటినావిడ. తెల్లటి దుపట్టా తలమీంచి జారకుండానే గుడ్డ కత్తిరించేది.

"మిషను జోలికి ఇప్పుడే రావద్దు. ఒక టేపు, సుద్దముక్కలు, పెద్ద కత్తెర, సూదులు, వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ, పాత పేపర్లు తెచ్చుకో. ముందు చెయ్యి కుదరాలి," అంది.

అన్నీ కొత్తవి కొనుక్కుని వెళ్లాను. కత్తెరైతే నల్ల పిడితో మెరిసిపోతోంది. మొదటి రోజు పేపరు మీద గీతలు గీసి, వాటి వెంబడి కత్తిరించమంది. నాతోపాటు చేరిన అమ్మాయిలు కరకరా కోసేశారు. నా పేపరు మాత్రం కత్తెర రెక్కల మధ్య మడతపడి నలిగిపోయింది. గుడ్డ ఇస్తే ఇంకా ఘోరం. గీత ఒకవైపు, కోత ఒకవైపు.

నాది ఎడమచేతి వాటం. అన్నం ఒక్కటే కుడిచేత్తో తినేదాన్ని, అదీ అమ్మ చిన్నప్పుడు పట్టుబట్టి నేర్పింది కాబట్టి. రాయడం, కూరలు తరగడం, ముగ్గు వెయ్యడం అన్నీ ఎడమచేత్తోనే. కుడిచేత్తో కత్తిరించి చూడమన్నారు అందరూ. మూడు వారాలు చూశాను. బొటనవేలు కాయకాసింది గాని కోత తిన్నగా రాలేదు. ఒకరోజు ఆపా ఇచ్చిన పూల వాయిల్ ముక్కని మెడ దగ్గర అడ్డంగా కోసేసి, ఇక నావల్ల కాదని ఏడ్చేశాను.

ఆపా ఆ ముక్క తీసుకుని, నా కత్తెరని తన ఎడమచేతిలో పట్టుకుంది. కోసింది. గుడ్డ మడతపడింది. మళ్లీ కోసింది. మళ్లీ మడతపడింది. పాతికేళ్లుగా కత్తెర పట్టిన మనిషి, నేను పాడుచేసినట్టే పాడుచేస్తోంది. ఆపకుండా ఏడెనిమిదిసార్లు అలాగే కోసి చూసి, కత్తెర కింద పెట్టింది.

"అరె! పై రెక్క గీతని కప్పేస్తోంది. నొక్కేకొద్దీ రెండు రెక్కలూ దూరం జరుగుతున్నాయి. ఇది కుడిచేతి వాళ్ల కోసం చేసిన కత్తెరమ్మా. నీ చేతిలో తప్పేం లేదు," అంది.

నా చెయ్యి గురించి అలా అన్న మొదటి మనిషి ఆవిడ.

తెనాలి బజారులో నాలుగు కొట్లు తిరిగాం. ఎడమచేతి కత్తెర అంటే, "అలాంటిది కూడా ఉంటుందా అండి?" అని నవ్వారు. ఆపా పట్టు వదల్లేదు. బాపట్లలో వాళ్లన్నయ్య కోట్లు కుట్టే మాస్టారు, ఆయనకి తెలుస్తుందని ఆదివారం నన్ను తనతో రైలెక్కించింది.

ఆ కొట్టులో అడుగుపెట్టగానే నేను వచ్చిన పని మర్చిపోయాను. మాస్టారు ఒక లాయరుగారి కోటు సగం కుట్టి బల్ల మీద పరిచారు. నేను వంగి చూస్తుంటే పై గుడ్డ ఎత్తి లోపల చూపించారు. ఛాతీ దగ్గర ముతక గుడ్డ, దాని నిండా చేతి కుట్లు. చీమలబారుల్లా, వరస వెంట వరస, వందలకొద్దీ.

"ఇవన్నీ బయటికి కనపడవా అండి?" అన్నాను.

"కనపడవమ్మా. ఆయనకి కుడి భుజం కాస్త కిందికుంటుంది. ఈ కుట్లు దాన్ని మోస్తాయి. కోటు వేసుకున్నాక ఆ తేడా ఎవరికీ తెలీదు, ఆయనక్కూడా," అన్నారు.

ఒంటి మీద చెయ్యన్నా వెయ్యకుండా ఒక మనిషి భుజాన్ని నిలబెట్టొచ్చా! ఇంత పని నాకు ఏ జన్మకి వస్తుందనిపించింది. కానీ వదిలెయ్యాలని మాత్రం అనిపించలేదు.

మాస్టారు మా సంగతి విని, రేపల్లెలో తన కత్తెరలకి సానపట్టే కమ్మరి ఉన్నాడని, చేస్తే అతనే చెయ్యాలని చెప్పారు. మరుసటి వారం ఆపా, నేను రేపల్లె రైలెక్కాం.

కమ్మరి పెద్దాయన. స్టేషనుకి కొంచెం దూరంలో రేకుల పాక, పక్కనే మంగలి షాపు. ఆపా చెప్పిందంతా విన్నాడు. "ఇలాంటిది ఇంతవరకూ చెయ్యలేదమ్మా," అంటూ నా కత్తెర తిరగేసి, మరగేసి చూశాడు. తలకిందులు చేశాడు. ఎటు తిప్పినా పై రెక్క మళ్లీ అదే పక్కకి వస్తోంది. కాసేపటికి లేచి, మంగలి షాపులోంచి అద్దం అడిగి తెచ్చాడు. దాన్ని గోడకి ఆనించి, కత్తెరని దాని ముందు పట్టుకున్నాడు.

"చూడు బుజ్జమ్మా, అద్దంలో ఉంది చూశావా? నీ కత్తెర అదీ."

చూశాను. అద్దంలో కత్తెర పై రెక్క రెండో పక్కకి ఉంది. ఇన్ని రోజులుగా నేను వెతుకుతున్న వస్తువు అక్కడ, మంగలి అద్దంలో, మరకల వెనక మెరుస్తోంది. ఆపా "సుభానల్లా" అని ఆశ్చర్యంగా గొణిగింది. పెద్దాయన మాత్రం అదేదో మామూలు విషయమైనట్టు ఒక దారం తీసి నా వేళ్లకి చుట్టి కొలత తీసుకున్నాడు. నాలుగు వేళ్లకీ, బొటనవేలికీ వేరు వేరుగా ముడులు వేసుకున్నాడు.

పాత లారీ కమాను ఉక్కు పట్టీతో చేశాడు దాన్ని. పదిహేను రోజులకి ఆపానే వెళ్లి తెచ్చింది. సుత్తి దెబ్బల గుర్తులు ఇంకా ఉన్నాయి, కొట్లో కొన్నదానిలా నున్నగా లేదు. బరువెక్కువ. వేళ్లు పెట్టగానే సరిగ్గా కూర్చున్నాయి.

తెల్ల లాంగ్‌క్లాత్ మీద సుద్దగీత గీసి ఇచ్చింది ఆపా. రెక్కలు తెరిచాను. మొట్టమొదటిసారి గీత మొత్తం నా కళ్ల ముందు కనిపించింది. కోసుకుంటూ వెళ్లాను. గుడ్డ రెండుగా విడిపోయి చెరోపక్కకి జారింది. చివరిదాకా వెళ్లి ఆగి చూస్తే ఒక్క వంకర లేదు. అమ్మాయిలందరూ మిషన్లు ఆపేశారు. నేను తల ఎత్తలేకపోయాను, ఎత్తితే ఏడుస్తానని.

"ఇంకో గీత గీసుకో. ఈసారి చంకభాగం, వంపు," అంది ఆపా.

ఆ వేసవిలోనే ఆపాకి కమీజు కుట్టాను. ఎడమ చంకలో కొంచెం బిగువైంది. అది విప్పి మళ్లీ కుట్టించింది, రెండుసార్లు. తర్వాత మాస్టారి దగ్గర ఎనిమిది నెలలు కోటు లోపలి కుట్లు నేర్చుకున్నాను. ఆయన కుట్టినట్టు నాకు ఇప్పటికీ రాదు. కానీ ఒకసారి, ఒక భుజం వంగిన స్కూలు టీచరుగారికి కోటు కుట్టి తొడిగినప్పుడు, ఆయన అద్దం ముందు నిలబడి, వంగిన భుజం ఏదా అని వెతుక్కున్నారు.