విరగని ముక్క

ఫరంపేట సుశీల పదో తరగతితో చదువు ఆపేసి, యానాం శివారులో నైలాన్ గుళికలు చేసే చిన్న ఫ్యాక్టరీలో బస్తాలు విప్పే పనికి చేరింది. ఎనిమిదేళ్లకు ల్యాబ్‌లో మనిషి తక్కువైతే, నైలాన్ ముక్కలను యంత్రపు సుత్తితో కొట్టి, ఎంత దెబ్బకు విరిగాయో రాసే పని ఆమెకిచ్చారు.

ల్యాబ్‌కు పెద్ద ఉమామహేశ్వరం గారు. నైలాన్ గట్టిదే కానీ దెబ్బకు తట్టుకోదని, అందుకే రబ్బరు కలుపుతామని, అయితే ఆ రెండూ నూనె, నీళ్లలా విడిపోతాయని మొదటి వారమే ఆమెకు విడమరిచి చెప్పారు. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, రబ్బరు ముద్దలు కట్టి ఉండడం చూపించారు. దానికి విరుగుడుగా, నైలాన్‌ను పట్టుకునే రసాయనాన్ని ముందే అతికించిన రబ్బరు తెప్పించారు. కరిగించి కలిపినప్పుడు అది నైలాన్‌తో ముడిపడి, సన్నని రేణువులుగా అంతటా పరుచుకుంటుంది.

కొన్ని నెలలు ముక్కలు దెబ్బకు నిలిచాయి. వానలు మొదలయ్యాక ముక్కలు మళ్లీ పుటుక్కున విరగసాగాయి. కొన్నవాళ్లు సరుకు వెనక్కి పంపారు. కలిపే యంత్రం విప్పి చూశారు, వేడి మార్చారు, నైలాన్‌ను మరింత ఆరబెట్టారు. లాభం లేకపోయింది.

సుశీల తన పుస్తకంలో పాత పేజీలు తిరగేసింది. ఏ రోజు కొత్త రబ్బరు బస్తా కోశారో ఆమెకు గుర్తే. కోసిన రోజు ముక్కలు బాగుంటున్నాయి. సగం వాడి, తాడు కట్టి ఉంచిన బస్తావి విరుగుతున్నాయి. చెప్పడానికి రెండు రోజులు జంకి, చివరికి ఉమామహేశ్వరం గారి బల్ల దగ్గరికి వెళ్లింది.

“సార్, మూతి విప్పిన బస్తాకి గోదారి చెమ్మ తగులుతోందండి. రబ్బరు దానివల్ల పాడవుతుందేమోనండి.”

ఆయన పుస్తకం అందుకుని చాలాసేపు చూశారు. “మేమంతా యంత్రం వైపే చూశాం సుశీలమ్మా. చెమ్మకి ఆ రసాయనం పట్టు తగ్గిపోద్ది. నాకు తట్టాల్సిన మాట ఇది,” అన్నారు.

మర్నాడు కొత్త బస్తా రబ్బరు, పాత బస్తా రబ్బరు వేర్వేరుగా నైలాన్‌లో కలిపి, ముక్కలు కొట్టి చూస్తే ఆమె మాటే నిజమైంది. అప్పటినుంచి రబ్బరును గాలి చొరబడని డ్రమ్ముల్లో ఉంచుతున్నారు. రిపోర్టులో ఆయన ఆమె పేరే ముందు రాశారు. మేనేజరు ఇదేమిటని అడిగితే, కనిపెట్టింది ఆవిడేనన్నారు. ఆ తర్వాత రెండేళ్లు రోజూ ఓ గంట కూర్చోబెట్టి ల్యాబ్ పనంతా నేర్పారు.

ఇప్పుడు ఆయన రిటైరయ్యారు. ల్యాబ్ సుశీల చేతిలో ఉంది. ఆదివారం చర్చిలో ఇంట్లోవాళ్ల పేర్లతోపాటు ఆయన పేరూ చెప్పి ప్రార్థిస్తుంది. ఆ సంగతి ఎవరో ఆయన చెవిన వేస్తే, తన మోకాళ్ల నొప్పి గురించి కూడా దేవుడికి కాస్త చెప్పమన్నారట.