మౌలాలి మోకాలు

కొల్లాపూర్ అవతల అడవిలో, జలపాతం చుట్టూ ఉన్న పార్కుకు మౌలాలి కాపలాదారు. వయసు యాభై దాటింది. పొద్దున్నే వచ్చి ఉయ్యాలల కింద రాలిన ఆకులు ఊడ్చి, ఖాకీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, విజిల్ నోట్లో పెట్టుకున్నాడంటే టీ తాగడానికి తప్ప తీసేవాడు కాదు. ధార కింద రాళ్ళన్నీ పాచి. అటు ఎవరు కాలు పెట్టినా బుగ్గలు పగిలేలా ఊదేవాడు. నీళ్ళ హోరులో ఆ కూత ఎవరికీ వినపడేది కాదు. "పెద్ద పోలీసు లెక్క ఊదుత గని, నా సీటీ నాకే ఇనపడది," అని తనే నవ్వేవాడు.

పోయిన వానాకాలం గద్వాల నుంచి వచ్చిన జములమ్మ అనే పెద్దామె, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని వట్టికాళ్ళతో ఆ రాళ్ళ మీదికే నడిచింది. మౌలాలి ఊదాడు, చేతులూపాడు, చివరికి బూట్లతోనే పరుగెత్తాడు. రెండో అడుగుకే కాళ్ళు గాల్లోకి లేచాయి. మోకాలు చీరుకుపోయి నీళ్ళలోకి జారిపోతున్నవాణ్ణి ఆమె నిబ్బరంగా వంగి, కాలరు పట్టి ఒడ్డుకు లాగింది. "ఏం తమ్మీ, గీడ జారుతదని బోర్డు పెట్టిన్రు గద, సూసుకోవొద్దా?" అంది. ఆ బోర్డు రాసింది మౌలాలే.

ఇప్పుడు విజిల్ గేటు దగ్గర మేకుకు వేలాడుతోంది. వచ్చినవాళ్ళను ఆపి, ప్యాంటు పైకి మడిచి, జానెడు మచ్చ చూపిస్తాడు. "బోర్డు సదవకున్నా మంచిదే, గిది జర సూడుర్రి. బోర్డు రాసినోని మోకాలు." జనం నవ్వుతారు, రాళ్ళ జోలికి పోరు. "గిట్లయితదని తెలిస్తే," అంటాడు మౌలాలి ప్యాంటు దించుకుంటూ, "కొలువుల చేరిన్నాడే పడుతుంటి."